నీటి పరీక్ష నుంచి నవల దాకా: ఒక పీజీ డిసర్టేషన్ కేస్ స్టడీ

నేపథ్యం

సాహిత్యం, పర్యావరణం కలిపి చదివే పీజీ విద్యార్థుల డిసర్టేషన్లకు నేను గైడ్‌గా ఉంటాను. ఈ కోర్సులోకి రెండు వైపుల నుంచి వస్తారు. సాహిత్యం చదువుకుని పర్యావరణం మీద ఆసక్తి పెంచుకున్నవాళ్లు కొందరు. సైన్స్ చదువుకుని కథలూ నవలల మీద ప్రేమతో వచ్చేవాళ్లు ఇంకొందరు. మొదటివాళ్లు సైన్స్ దగ్గర తడబడితే అందరికీ కనబడుతుంది, సాయం చేయడానికి దారులూ ఉన్నాయి. రెండోవాళ్ల ఇబ్బంది అంత సులువుగా దొరకదు. వాళ్లు కష్టపడి చదువుతారు, రాసింది శుభ్రంగా ఉంటుంది, పట్టికలు పక్కాగా ఉంటాయి. అయినా పని ముందుకు కదలదు. అలాంటి ఒక కేసును ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

విద్యార్థిని ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆమె పేరు, విశ్వవిద్యాలయం, నవల, రచయిత ఏవీ చెప్పడం లేదు. నవల పేరు బయటపెడితే ఈ రంగంలో ఉన్నవాళ్లకు ఆమె ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. కథలోని కొన్ని వివరాలు కూడా మార్చాను. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామన్నది మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాను.

ఆమె డిగ్రీ పర్యావరణ శాస్త్రంలో. తర్వాత కొంతకాలం నీటి నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసింది. నమూనాలు తేవడం, వాటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ కొలవడం, బీఓడీ (నీటిలోని వ్యర్థాలను కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత) పరీక్షలు చేయడం ఆమె రోజువారీ పని. నవలలు మాత్రం చిన్నప్పటి నుంచీ చదివేది. పీజీలో నది చుట్టూ తిరిగే మూడు నవలలు ఎంచుకుని నా దగ్గరికి వచ్చింది. సైన్స్ విభాగం నుంచి ఒక కో-గైడ్ కూడా ఉన్నారు. ఆయన పనిలో నిక్కచ్చి మనిషి, విద్యార్థుల మీద నిజమైన శ్రద్ధ ఉన్నవారు.

వచ్చిన సమస్య

సినాప్సిస్‌లో శీర్షిక ‘మూడు నవలల్లో నదీ కాలుష్య చిత్రణ’. మొదటి డ్రాఫ్ట్‌లో సగానికి పైగా ఒక పెద్ద పట్టికే. అందులో నాలుగు గడులు: పేజీ నంబరు, కాలుష్య కారకం, ప్రభావం, శాస్త్రీయంగా సరైనదా కాదా. నాలుగో గడిలో అవును, కాదు, పాక్షికంగా అని నింపుకుంటూ వెళ్లింది.

నా ఆలోచన ఆ నాలుగో గడి దగ్గరే ఆగింది. మిగతా మూడూ విద్యార్థులు మామూలుగా చేసే పనే, వాటిని సరిదిద్దుకోవచ్చు. కానీ నాలుగోది నవలను సాక్షిని చేసి బోనెక్కించింది. సాక్ష్యం నమ్మదగ్గదైతే పనికొస్తుంది, లేకపోతే కొట్టేయాలి. ఇలా చదివితే నవల నుంచి మనకు వచ్చేది ల్యాబ్ రిపోర్టులో ముందే ఉంటుంది, అదీ ఇంతకన్నా కచ్చితంగా. అలాంటప్పుడు నవల చదవడం దేనికి?

ఈ మాట అడిగితే ఆమె దగ్గర గట్టి జవాబే ఉంది. విలియం రూకర్ట్ 1978లో ‘ఎకోక్రిటిసిజం’ (సాహిత్యాన్ని పర్యావరణ దృష్టితో చదివే విమర్శ) అన్న మాట వాడిన వ్యాసం అప్పటికే చదివింది. “సైన్స్‌ని సాహిత్యానికి అన్వయించడంతోనే కదా మేడమ్ ఈ రంగం మొదలైంది?” అంది. నిజమే. రూకర్ట్ జీవావరణ శాస్త్రంలోని భావనలు తీసుకునే కవిత్వం గురించి ఆలోచించాడు. అయితే కవితను నిల్వ ఉన్న శక్తిగా చూస్తే ఏం కనబడుతుంది అని ఆయన అడిగాడు. కవితలో రాసింది సైన్స్ ప్రకారం ఒప్పా తప్పా అని అడగలేదు. ఈ తేడాను ఆమె మాటల్లో ఒప్పుకుంది గానీ రాతలోకి ఎలా తేవాలో తెలియలేదు. అది మాటలతో చెబితే వచ్చేది కూడా కాదు.

దీనికి తోడు ఇద్దరు గైడ్ల వ్యాఖ్యలు ఆమెను చెరోవైపు లాగుతున్నాయి. కో-గైడ్ మార్జిన్‌లో ‘మూడు నవలలే ఎందుకు? ఎంపికకు ప్రమాణం ఏది?’ అని రాస్తున్నారు. అదే పేజీలో నేను ‘ఇక్కడ కథ చెబుతున్నది ఎవరు?’ అని రాస్తున్నాను. రెండూ న్యాయమైన ప్రశ్నలే. కానీ రెండింటికీ ఒకే పేరాలో జవాబివ్వాలని చూసి ఆమె రాత రెంటికీ చెడ్డ రేవడిలా తయారైంది.

మొదట చేసినవి, అవి ఎందుకు నిలవలేదు

మొదట సిద్ధాంతం వైపు నుంచి వెళ్లాం. ఈ రంగంలో జరిగిన చర్చ తెలిస్తే, నవలను ఏమేం అడగొచ్చో ఆమెకే తోస్తుందని నా ఉద్దేశం. 1996లో గ్లాట్‌ఫెల్టీ, ఫ్రామ్ సంపాదకత్వంలో వచ్చిన వ్యాస సంకలనం, 1995లో లారెన్స్ బ్యూయెల్ రాసిన పుస్తకం, అడవిని మనిషి చెయ్యి పడని చోటుగా ఊహించుకోవడంలోని చిక్కు మీద విలియం క్రోనన్ వ్యాసం, అమెరికా పర్యావరణవాదాన్ని మూడో ప్రపంచం వైపు నుంచి విమర్శిస్తూ 1989లో రామచంద్ర గుహ రాసిన వ్యాసం, నెమ్మదిగా జరిగే హింస గురించి 2011లో రాబ్ నిక్సన్ చేసిన వాదం ఇచ్చాను. అన్నీ చదివింది, నోట్సు చక్కగా రాసుకుంది.

రెండో డ్రాఫ్ట్‌లో పట్టిక పోలేదు, కొత్త రూపంలో వచ్చింది. ఒక రచనను పర్యావరణ దృష్టి ఉన్నదని చెప్పడానికి బ్యూయెల్ నాలుగు లక్షణాలు చెబుతాడు. మనిషి కాని ప్రపంచం కథకు తెరగా కాక తనంతట తానుగా అందులో ఉండటం, మనిషి ప్రయోజనమొక్కటే సరైన ప్రయోజనం అనుకోకపోవడం, పర్యావరణం పట్ల మనిషి జవాబుదారీతనం రచన నీతిలో భాగం కావడం, పర్యావరణాన్ని ఎప్పుడూ ఒకేలా ఉండేదిగా కాక మారుతూ పోయేదిగా చూపడం. ఆలోచించడానికి ఇచ్చిన ఈ నాలుగింటినీ ఆమె నాలుగు గడులు చేసింది. ఒక నవలకు నాలుగింట మూడు వచ్చాయి, ఇంకోదానికి రెండు. పట్టిక అలవాటైన చేతికి ఏ సిద్ధాంతం ఇచ్చినా పట్టికే అవుతుందని అక్కడ తెలిసింది. సిద్ధాంతం పనికిరాదని దీని అర్థం కాదు. ఇచ్చిన సమయం సరైనది కాదు. నవలలో ఆమెను ఆపే చోటు ఒకటి దొరకకముందే సిద్ధాంతం అందితే అది జవాబుగా మారిపోతుంది.

తర్వాత పూర్తిగా ఎదురు దారి పట్టాం. ఒక అధ్యాయం మొత్తం ఒక్క శాస్త్ర పదం కూడా లేకుండా రాయమన్నాను. ఆమె ముందు పాఠకురాలిగా నిలబడాలి, సైన్స్ తర్వాత తీసుకురావచ్చు అన్నది అందులో లెక్క. వచ్చిన అధ్యాయం చదివితే దిగులేసింది. నది తల్లి అయింది, మనిషి కృతఘ్నుడయ్యాడు, ప్రకృతి కన్నీరు పెట్టింది. ఎవరైనా రాయగల వాక్యాలవి. ఆమెకు మాత్రమే తెలిసినదంతా గుమ్మం బయట వదిలి వచ్చినట్టుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి: తన మొదటి చదువు ఇక్కడ అడ్డమని ఆమె నమ్మడం మొదలుపెట్టింది. పగలు నది చావు గురించి నవల, రాత్రి నది చావు గురించి నివేదికలు. “ఇదంతా రాసి ఏం లాభం మేడమ్?” అనే దాకా వచ్చింది. నిద్ర కూడా సరిగ్గా లేదని తెలిశాక కౌన్సెలర్‌ను కలవమన్నాను, వెళ్లింది. ఈ విషయాల్లో పనిచేసే విద్యార్థుల్లో ఈ రకం కుంగుబాటు వస్తుంది. దాన్ని డిసర్టేషన్ చర్చతో కలిపేయకుండా విడిగా చూడటం ముఖ్యమని నా అభిప్రాయం. అప్పుడే రాతలోని చిక్కును రాతలో, మనసులోని భారాన్ని దానికి తగిన చోట చూసుకోవచ్చు.

గైడ్లిద్దరం, విద్యార్థిని కూర్చుని మాట్లాడిన సమావేశం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఇద్దరికీ నచ్చే కొత్త శీర్షిక కుదిరింది. అందులో ‘అంతశ్శాస్త్రీయ’ అన్న మాట ఉంది, ప్రశ్న మాత్రం లేదు.

దారి మారిన చోటు

ఇక మూడు నవలల్లో రెండు పక్కన పెట్టేద్దామన్నాను. మిగిలినదాంట్లో కూడా ఒక్క పేజీ ఎంచుకోమన్నాను. పట్టిక నింపేటప్పుడు ఎక్కడ ఎక్కువసేపు ఆగావో ఆ పేజీ తీసుకో అన్నాను. బాగున్న పేజీ అనో, ముఖ్యమైన పేజీ అనో అడగకపోవడానికి కారణం ఉంది. అలా అడిగితే విద్యార్థులు మనకు నచ్చుతుందనుకున్నది తెస్తారు. ఆగిన చోటు అంటే అక్కడ వాళ్ల మొదటి చదువుకీ రచనకీ మధ్య ఏదో తగిలిందన్నమాట.

ఆమె తెచ్చింది చేపలు చచ్చే పేజీ. ఒక పిల్లవాడు రాత్రి పడుకునే ముందు ఏటి వైపు నుంచి చేపల చప్పుడు వింటాడు. నీటి పైకి వచ్చి ఆడుకుంటున్నాయనుకుని సంతోషపడతాడు. దీపం ఆర్పుతారు, అధ్యాయం అక్కడ ముగుస్తుంది. తర్వాతి అధ్యాయం వాసనతో మొదలవుతుంది. తెల్లారింది, చేపలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి.

పట్టికలో ఈ పేజీకి ‘అవును, సరైనదే’ అని ఉంది. ఎందుకు సరైనది అని అడిగితే గడగడా చెప్పింది. వ్యర్థాలతో నత్రజని, భాస్వరం వచ్చి చేరిన నీటిలో నాచు విపరీతంగా పెరుగుతుంది. పగలు ఎండ ఉన్నంతసేపు అది ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది, శ్వాస మాత్రం ఆగదు. కుళ్లుతున్న పదార్థాన్ని తినే బ్యాక్టీరియా కూడా అదే ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున అట్టడుగుకు పడిపోతుంది. నీరు వెచ్చబడితే ఇంకా కష్టం: 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. ఊపిరాడని చేపలు నీటి పైపొరకు వచ్చి నోళ్లు తెరుస్తాయి.

ఇంతవరకు చెప్పి ఆగిపోయింది. తర్వాత మెల్లగా, “అయితే ఆ చప్పుడు ఆట కాదు” అంది.

డిసర్టేషన్ నిజానికి అక్కడ మొదలైంది. ఆ చప్పుడు ఊపిరాడని చేపలదని ఆమెకు ముందే తెలుసు, అందుకే ఆ గడిలో ‘సరైనదే’ అని రాసింది. ఆ రాయడంతో తను విన్నది అక్కడే ముగిసిపోయింది. ఇప్పుడు అదే జ్ఞానం కొత్త ప్రశ్న అయింది. పిల్లవాడికి తెలియనిది పాఠకుడికి వినబడేలా ఉంచి, సరిగ్గా అది జరిగే గంటల్లో అధ్యాయం ఎందుకు ఆగిపోయింది?

ఆమెను రెండు వరసలు రాసుకోమన్నాను. ఒకదానిలో ఆ రాత్రి గంట గంటకూ నీటిలో ఏం జరుగుతుందో, రెండోదానిలో ఆ గంటల్లో కథనం ఏం చేస్తోందో. మళ్లీ పట్టికే కదా అనిపించవచ్చు. తేడా ఏమిటంటే ఇక్కడ ఒక వరస రెండోదానికి మార్కులు వేయదు. మొదటి వరసలో అర్ధరాత్రి నుంచి తెల్లవారే వరకు నిండా పని ఉంది. రెండో వరసలో అక్కడ ఏమీ లేదు, కాగితం ఖాళీ. ఆ ఖాళీని చూపించి, ఇది నవలలో ఇంకెక్కడైనా ఉందా వెతకమన్నాను. చాలా చోట్ల దొరికింది. బావి నీరు చేదెక్కడం, ఒడ్డున గడ్డి మాడటం, అన్నీ జరిగిపోయాకే పిల్లవాడి కుటుంబం అక్కడికి చేరుతుంది. వాక్యాలు కూడా అలాగే నడుస్తాయి. నీళ్లు నల్లబడ్డాయి, గడ్డి మాడింది, చేపలు చచ్చాయి. ఎవరు చేశారన్నది ఆ క్రియల్లో ఎక్కడా లేదు.

అప్పుడు రాబ్ నిక్సన్‌ను మళ్లీ తీయమన్నాను. ఏళ్ల తరబడి మెల్లగా, కళ్లముందు పేలకుండా జరిగే హింసను కథగా చెప్పడం ఎందుకు కష్టం అన్నది ఆయన ప్రశ్న. మొదటిసారి చదివినప్పుడు ఆమె దాన్ని నిర్వచనంగా రాసుకుంది. ఈసారి ఆయనతో పేచీ పెట్టుకుంది. “ఈ నవలలో మెల్లగా జరగలేదు మేడమ్, ఒక్క రాత్రిలో జరిగింది. మెల్లగా జరిగిందల్లా నాచు పెరగడం, అది ఎవరికీ ఘటనలా కనబడలేదు” అంది. మెల్లనిది, ఉన్నట్టుండి జరిగేది ఒకదానిలో ఒకటి ఎలా ఉంటాయో చెప్పే ఆ పేరా డిసర్టేషన్ మొత్తంలో నాకు చాలా ఇష్టం. బ్యూయెల్ చెప్పిన నాలుగో లక్షణం కూడా అప్పుడే ఆమెకు అందింది. నవల పర్యావరణాన్ని మారుతూ పోయేదిగా చూపిస్తోంది, కానీ ఆ మార్పును ఎక్కువగా పేజీ బయట నడిపిస్తోంది.

ఒక ప్రశ్న దగ్గర చాలా వాదించుకున్నాం. ఈ ఆక్సిజన్ సంగతి రచయితకు తెలిసే రాశారా? తెలుసని నిరూపిస్తే వాదానికి బలం వస్తుందని ఆమె ఆశ. ఆ దారి వద్దన్నాను. రచయితకు తెలుసని చెప్పడానికి మన దగ్గర ఆధారం లేదు. ఆధారం దొరికినా వాదం రచయిత మీదికి పోతుంది, పేజీ వెనకబడుతుంది. చప్పుడు ముందు వచ్చింది, దీపం ఆరింది, అధ్యాయం ఆగింది. ఈ వరస పుస్తకంలో ఉంది, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. వాదానికి అది సరిపోతుంది.

ఎదురు నిలిచిన అధ్యాయం

ఇంతలో చిక్కు వచ్చింది. నవల మధ్యలో ఒక అధ్యాయం ఉంది, అది ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసే ఒక మనిషి తన నోటితో చెబుతాడు. అతను ఆ పిల్లవాడికి మేనమామ. రాత్రి గొట్టం వాల్వు తిప్పేది అతనే. ‘తిప్పాను, వదిలాను, కడుక్కుని వచ్చాను’ అన్న ధోరణిలో సాగుతుంది. కారణం కనబడకుండా పోతుందన్న ఆమె వాదానికి ఇది నేరుగా అడ్డం.

ఆమె దీన్ని ఒక ఫుట్‌నోట్‌లో మినహాయింపుగా పెడదామనుకుంది. సెమిస్టర్ చివరికొచ్చింది, టెన్షన్ ఉంది, ఆ ఆలోచన నాకు అర్థమైంది. అయినా ఒప్పుకోలేదు. సైన్స్‌లో ఒక నమూనా ఫలితం మిగతావాటికి భిన్నంగా వస్తే ఏం చేసేదానివి అని అడిగాను. మళ్లీ పరీక్ష చేస్తానంది. అలాగే మళ్లీ చదవమన్నాను. ఆమె మొదటి శిక్షణ ఇక్కడ సాహిత్యానికి సూటిగా పనికొచ్చింది. తనకు అనుకూలం కాని ఆధారాన్ని దాచకూడదన్న పట్టుదల ఆమెలో ముందే ఉంది, దాన్ని గుర్తుచేస్తే చాలింది.

మళ్లీ చదివాక వాదం మారింది, మారి గట్టిపడింది. కారణం అందరికీ కనబడకుండా పోలేదు. రాత్రి పని చేసేవాడికి తెలుసు, పగలు బతికేవాళ్లకు తెలియదు. ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు, ఒకే ఏటి నీళ్లు తాగుతారు. మేనమామ తెలిసీ చెప్పడు, ఎందుకంటే ఆ జీతం మీదే ఆ ఇల్లు నడుస్తోంది. అంటే నవలలోని ఆ ఖాళీ ప్రకృతి రహస్యం కాదు, బతుకుతెరువు మీద నిలబడ్డ మౌనం. అప్పుడు రామచంద్ర గుహ వ్యాసం దగ్గరికి ఆమె తనంతట తానే వెళ్లింది. పర్యావరణం గురించిన ఆలోచన మనుషుల్లేని అడవి చుట్టూ తిరిగితే, దాని మీదే బతికే పేదల పరిస్థితి లెక్కలోకి రాదన్న ఆయన అభ్యంతరం ఆమె మూడో అధ్యాయానికి వెన్నెముక అయింది. నది తల్లి అని రాసిన చేతితోనే, ఆ నదిని పాడుచేసే పని చేతిలో ఉన్న మనిషిని అసహ్యించుకోకుండా, వెనకేసుకురాకుండా రాసింది.

కో-గైడ్‌తో కూడా పని పద్ధతి మార్చుకున్నాం. అంతకుముందు ఇద్దరం ప్రతి పేజీ మీదా వ్యాఖ్యలు రాసేవాళ్లం. తర్వాత ఆయన శాస్త్ర విషయాలున్న పేరాలే చూశారు, ఆ పేరాల్లో ఆయన మాటే చివరి మాట. వాదం బాధ్యత నాది. ఒక చోట ఆయన సవరణ చాలా మేలు చేసింది. చేపలు చనిపోవడానికి ఆక్సిజన్ తగ్గడం ఒక్కటే కారణం అన్నట్టు ఆమె రాసింది. నేరుగా విషపదార్థం కలిసినా చస్తాయి, అమ్మోనియా పెరిగినా చస్తాయి అని ఆయన రాశారు. దానితో ఆమె వాక్యాన్ని ‘ఈ పేజీలోని సూచనలు ఆక్సిజన్ వైపు చూపిస్తున్నాయి’ అని మార్చింది. సాహిత్య విమర్శలో అలాంటి జాగ్రత్త నేను తరచూ చూడను.

వైవాలో పరీక్షకులు అడిగిన గట్టి ప్రశ్న ఒకటే: ఈ సైన్స్ తెలియని పాఠకుడు నవలను తప్పుగా చదివినట్టా? కాదని చెప్పింది. ఆ పాఠకుడు పిల్లవాడితో పాటు తెల్లారాక నిద్ర లేస్తాడు, నవల అతనికీ ఒక చోటు ఉంచింది అంది. డిసర్టేషన్ పాసైంది.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

సైన్స్ నుంచి వచ్చిన విద్యార్థితో మొదటి సమావేశంలోనే ఇప్పుడు ఒక్క పేజీ అడుగుతాను. నీకు తెలిసినదాని వల్ల ఇక్కడ నీకు వినబడుతూ, కథలో ఉన్నవాళ్లకు వినబడనిది ఏదైనా ఉందా అని అడుగుతాను. సిద్ధాంతం జాబితా ఆ తర్వాతే ఇస్తాను, అదీ తక్కువగా. సాహిత్యం నుంచి వచ్చినవాళ్లకు మాత్రం ఇప్పటికీ పాత వరసే నడుపుతున్నాను, వాళ్లకు అది పనిచేస్తోంది.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. నవలలో సైన్స్ నిజంగానే తప్పుగా ఉంటే దాన్ని బలవంతంగా లోతైన అర్థంగా మార్చకూడదు. తప్పు ఒక్కోసారి తప్పే, అలా రాసి ముందుకు వెళ్లాలి. కాకపోతే తొందరపడి తప్పు అనకూడదు కూడా. ఆమె పక్కన పెట్టిన ఒక నవలలో చేపలు మండుటెండలో చస్తాయి, మొదట్లో దానికి ‘కాదు’ అని రాసింది. ఎండలో నాచు వల్ల నీటి క్షారగుణం పెరిగితే అమ్మోనియా మరింత విషమవుతుందని తర్వాత కో-గైడ్‌తో మాట్లాడి ఆ మాట కొట్టేసింది.

ఇంకో హద్దు సాహిత్య ప్రక్రియది. కాలం సాగే కథలో నీటి గంటలనీ కథనం గంటలనీ పక్కపక్కన పెట్టవచ్చు. చిన్న కవితలతో వచ్చిన మరో విద్యార్థికి ఇదే చెప్పి చూశాను, సాగలేదు. ఆ కవితల్లో గడిచే సమయం లేదు, మాట్లాడే గొంతు, అది ఎవరితో మాట్లాడుతోందన్నదీ ఉన్నాయి. ప్రస్తుతం ఆ దారిలో అడుగుతున్నాం. అతను నేలలను చదివినవాడు, ఆ కవితలు దుమ్ము గురించి.